అద్దె వస్తోంది కదా అని బిల్డింగ్ కొనేస్తారా?

ఈ వారంలో ఇదే మెసేజ్ నాకు రావడం ఆరోసారి. ఐదుసార్లు ఊరుకున్నాను. ఇవాళ పొద్దున మా మేనమామ పంపాడు, కింద "చూశావా, నువ్వే అనవసరంగా టెన్షన్ పెడుతున్నావు" అని రాశాడు. ఆయన కూకట్‌పల్లిలో ఒక కమర్షియల్ బిల్డింగ్‌కి గురువారం టోకెన్ అడ్వాన్స్ ఇవ్వబోతున్నాడు. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బంతా దాంట్లోకే పోతోంది. అందుకే ఇంక ఊరుకోలేక రాస్తున్నాను.

మెసేజ్ చూడనివాళ్ళకి చెబుతాను. కమర్షియల్ బిల్డింగ్ కొనేముందు ఇంజినీరుతో ఇన్‌స్పెక్షన్ దండగట. ఓసీ, అంటే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, ఉంటే గవర్నమెంటే చెక్ చేసినట్టట. లోన్ వచ్చిందంటే బ్యాంకు ఇంజినీరు చూసినట్టట. కొత్త బిల్డింగ్ అయితే అసలే అక్కర్లేదట, వాస్తు చూపిస్తే చాలట. ఏళ్ళ తరబడి అద్దె వస్తోందంటే బిల్డింగ్ గట్టిగా ఉన్నట్టేనట. ఇన్‌స్పెక్షన్ అని అడిగితే ఓనరు వేరేవాళ్ళకి అమ్మేసుకుంటాడట. అయినా ఆ రిపోర్టులన్నీ ఉత్త ఫోటోల ఆల్బమ్‌లేనట.

ఓసీ అంటే, అది ఇచ్చిన రోజున బిల్డింగ్ ప్లాన్ ప్రకారం ఉందని మున్సిపాలిటీ ఒప్పుకున్న కాగితం. మర్నాటి నుంచి ఓనరు ఏం చేశాడో దాంట్లో ఉండదు. సెల్లార్‌లో పార్కింగ్ తీసేసి గోడౌన్ పెట్టాడా, టెర్రస్ మీద రేకుల షెడ్డు వేసి హోటల్‌కి ఇచ్చాడా, చుట్టూ వదలాల్సిన ఖాళీలో (సెట్‌బ్యాక్‌లో) జనరేటర్ గది కట్టాడా, ఇవన్నీ శాంక్షన్ ప్లాన్ చేత్తో పట్టుకుని కింది నుంచి పైదాకా నడిస్తేనే తెలుస్తాయి. పై అంతస్తులు ఇళ్ళకని పర్మిషన్ తీసుకుని షాపులకిచ్చే ఓనర్లు మనకి కొత్త కాదు. బిల్డింగ్ మోయాల్సిన బరువులు చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం ఇంటి గదికి చదరపు మీటరుకి సుమారు 200 కిలోల బరువు లెక్కేస్తారు, షాపుకి 400. పడగ్గది కోసం పోసిన స్లాబ్ మీద చీరల బీరువాలు వరసగా పెడితే ఆ బరువు మోయాల్సింది స్లాబే, ఓసీ కాదు.

బ్యాంకు వాల్యూయర్ వచ్చేది రేపు మీరు వాయిదాలు కట్టకపోతే దాన్ని అమ్మి అప్పు రాబట్టుకోవచ్చా అని చూడ్డానికి. కొలతలు, మార్కెట్ రేటు, నాలుగు ఫోటోలు. కాలమ్‌లో ఏముందన్నది ఆయన పని కాదు, ఆయన్ని తప్పు పట్టడానికీ లేదు. అసలు ఓసీ చూసుకున్నాకే లోన్ ఇవ్వాలని 2024 డిసెంబర్ 17న సుప్రీంకోర్టు బ్యాంకులకి చెప్పాల్సి వచ్చింది. అన్ని బ్యాంకులూ అన్నీ చూస్తుంటే కోర్టు ఆ మాట ఎందుకు చెబుతుంది?

కొత్త బిల్డింగ్ సంగతి. 2024 నవంబర్‌లో గచ్చిబౌలి పక్కన సిద్దిఖ్ నగర్‌లో పక్క స్థలంలో పునాదులు తవ్వేసరికి ఒక బిల్డింగ్ ఒరిగిపోయింది, చివరికి కూల్చేశారు. మీరు కొనేది కొత్తదే కావచ్చు, పక్క ప్లాటు ఖాళీగా ఉందో లేదో చూశారా? ఇక వాస్తు, మీ నమ్మకం మీది, చూపించుకోండి. ఇన్‌స్పెక్షన్‌కి అది అడ్డమేం కాదు.

నాకు ఒళ్ళు మండేది అద్దె మాట దగ్గర. ఎందుకంటే ఆ మాట నమ్మి మోసపోయినవాణ్ణి నేను.

2019లో మా బావ, నేను, ఇద్దరు స్నేహితులు కలిసి మూడంతస్తుల బిల్డింగ్ కొన్నాం. మొదటి అంతస్తులో ఎనిమిదేళ్ళుగా కోచింగ్ సెంటర్, ప్రతి నెలా ఐదో తారీఖుకి అద్దె. నున్నటి గోడలు, తెల్లటి ఫాల్స్ సీలింగ్, ముందు వైపు మెరిసే అద్దాలు. లాయరు ఈసీ (ఆస్తి మీద అప్పులూ లావాదేవీలూ చూపే కాగితం), లింకు డాక్యుమెంట్లు అన్నీ చూశాడు. ఇంజినీరుని పిలుద్దామని బావ అంటే, ఎనిమిదేళ్ళుగా అంతమంది ఉంటున్నారు కదా, ఇంకా ఏం చూస్తాడని నేనే వద్దన్నాను. కరోనాలో వాళ్ళు ఖాళీ చేశారు. కొత్తగా వచ్చేవాళ్ళ కోసం ఫాల్స్ సీలింగ్ విప్పించాం. పైన పటారం లోన లొటారం అంటారే, అదే. పై అంతస్తు బాత్రూముల నీళ్ళు ఏళ్ళ తరబడి దిగి స్లాబ్ అడుగున పెచ్చులూడిపోయి, కడ్డీలు తుప్పు పట్టి పొరలు పొరలుగా రాలుతున్నాయి. రాలిన పెచ్చులు ఆ పలకల మీదే కుప్పగా ఉన్నాయి. రిపేర్లకి 31 లక్షలయ్యాయి, ఏడు నెలలు అద్దె లేదు. అది పోనివ్వండి. మేం కొన్నాక కూడా పద్నాలుగు నెలలు ఆ స్లాబ్ కింద రోజూ అరవై మంది పిల్లలు కూర్చున్నారు, ఆ పద్నాలుగు నెలల అద్దె మేం తీసుకున్నాం. ఇప్పటికీ అది తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు.

అద్దె కట్టేవాడు కూడా సీలింగ్ పైకి చూడడు. వాడు చూసేది రోడ్డు, పార్కింగ్, రేటు. 2022 సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మంటలు లేచి పైన లాడ్జిలో దిగిన ఎనిమిది మంది చనిపోయారు. మరుసటి ఏడాది మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఉద్యోగానికొచ్చిన ఆరుగురు పిల్లలు పొగకి ఊపిరాడక పోయారు. ఆ రోజు పొద్దున వరకూ అవీ నడుస్తున్న వ్యాపారాలే. వ్యాపారం నడుస్తోందన్నది ఏ రకంగా భద్రతకి రుజువు? ఫైర్ ఎన్ఓసీ, అంటే అగ్నిమాపక శాఖ ఇచ్చే అనుమతి కాగితం, ఫైల్లో ఉంటే చాలదు. పంపు ఆన్ చేయించి హోస్‌లో నీళ్ళు వస్తున్నాయా చూడాలి, రెండో మెట్ల దారికి తాళం వేసుందా, దాంట్లో అట్టపెట్టెలు పేర్చారా చూడాలి, సెల్లార్‌లో ప్యానెల్ బోర్డు పక్కన ఏం పెట్టారో చూడాలి. కొన్నాక ఓనరు మీరే, ఆ తాళం బాధ్యత కూడా మీదే.

ఓనరు వేరేవాళ్ళకి అమ్మేస్తాడా? అమ్ముకోనివ్వండి. పదిహేను రోజుల్లో ఇన్‌స్పెక్షన్, స్ట్రక్చర్‌లో లోపం తేలితే అడ్వాన్స్ వాపసు అని అగ్రిమెంట్‌లో ఒక్క ముక్క రాయమంటే, రాయనన్నవాడి జవాబు మీకు దొరికినట్టే.

ఆఖరి మాట మాత్రం ఒప్పుకుంటాను. రిపోర్టుల్లో చాలావరకు నిజంగానే ఫోటోల ఆల్బమ్‌లు. నేనే ఒకసారి నలభై వేలిచ్చి అరవై పేజీలు తెచ్చుకున్నాను, దాంట్లో ఒక్క టెస్టు లేదు. పెద్ద కాంప్లెక్స్‌లో రెండొందల అడుగుల షాపు కొనేవాడు బిల్డింగ్ మొత్తం ఆడిట్ చేయించలేడు, అదీ నిజమే. కానీ డాక్టరు సరిగ్గా చూడలేదని వైద్యమే మానేస్తామా? అడిగి చేయించుకోండి. కాంక్రీటు పైన కొట్టి గట్టిదనం అంచనా వేసే రీబౌండ్ హ్యామర్ ఒక్కటే కొట్టి వెళ్ళిపోతే ఒప్పుకోకండి, దాని అంచనా పాతిక శాతం అటూ ఇటూ పోతుంది. అనుమానం ఉన్నచోట శబ్ద తరంగాలు పంపి చూసే అల్ట్రాసోనిక్ టెస్టు, ఇంకా అవసరమైతే కోర్ (కాంక్రీటులోంచి తొలిచి తీసే గుండ్రటి ముక్క) తీయించండి. కాంక్రీటు పనులకి భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం కనీసం మూడు కోర్లు, సగటు బలం ఉండాల్సిన దాంట్లో 85 శాతం, ఏ ఒక్కటీ 75కి తగ్గకూడదు. కాంక్రీటుని కాస్త పగలగొట్టించి, ఆ తాజా ముఖం మీద ఫినాఫ్తలీన్ అనే రసాయనం చల్లితే గులాబీ రంగు వస్తే సరే, రంగు రాని భాగం ఇనుము దాకా వెళ్ళిందంటే దానికి తుప్పు నుంచి కాపలా పోయినట్టే. వీలైతే ఒక గట్టి వాన పడ్డాక సెల్లార్ చూడండి.

మామయ్యా, ఇవేవీ కుదరకపోతే కనీసం ఒక నిచ్చెన పట్టుకెళ్ళి, బాత్రూముల కింద నాలుగు సీలింగ్ పలకలు విప్పించు. బుధవారం పొద్దున నేనూ వస్తాను. ఓనరుకి నిన్ననే ఫోన్ చేసి చెప్పాను, ఆలోచించి చెబుతానన్నాడు. ఆయన సరే అనేదాకా టోకెన్ ఇవ్వకు.