ముఖం చూపితేనే ముద్దా?

గర్భిణి ముఖం సెల్‌ఫోన్‌ యాప్‌లో నమోదైన ఫొటోతో సరిపోలితేనే అంగన్‌వాడీ నుంచి ఆమె ఇంటికి పోషకాహార సరుకులు ఇవ్వాలన్న నిబంధనను కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2025 జూలై 1 నుంచి తప్పనిసరి చేసింది. పట్నంలో ఇది ఒక పూట ఆలస్యంతో పోవచ్చు. పాడేరు, రంపచోడవరం, ఉట్నూరు, ఏటూరునాగారం ఏజెన్సీ గూడేల్లో మాత్రం నెల సరుకే ఆగిపోయే ప్రమాదం ఉంది.

ఆగేది ఎవరి సరుకో చూడాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉండగా, గిరిజన మహిళల్లో అది దాదాపు 65 శాతం. మలేరియా, సికిల్‌సెల్‌ వ్యాధి, నులిపురుగులు, వెంటవెంటనే వచ్చే కాన్పులు మన్యంలో ఉన్న కాస్త నెత్తురునూ పీల్చేస్తున్నాయి. చోడి అంబలి, సామలు, కొర్రలు, కందులు, అడవి దుంపలు, వెదురు కొమ్ములు ఒకప్పుడు ఇచ్చిన బలం, పోడు కుదించుకుపోయి డిపో బియ్యమే ప్రధాన తిండిగా మారాక తగ్గిపోయింది. హిమోగ్లోబిన్‌ 7 గ్రాముల కంటే దిగువకు పడిపోయిన తల్లిని డోలీలో మోసుకెళ్తుంటే, మరొకరు తట్టుకోగల రక్తస్రావం ఆమె ప్రాణం తీస్తుంది. నెలకు అందే ఆ గుడ్లు, రాగిపిండి, బెల్లం ఆమెకు ఎంత అవసరమో వేరే చెప్పనక్కర్లేదు.

దొంగ పేర్లను ఏరివేయడానికే ఈ పద్ధతి అన్నది కేంద్రం వాదన. దొంగ పేర్లు అసలే లేవని మేమూ అనడం లేదు. అయితే గోదాము నుంచి అంగన్‌వాడీకి చేరేలోపు తరిగిపోయే సరుకుకు గర్భిణి ముఖంతో సంబంధమేమిటి? బిల్లు పెట్టే గుత్తేదారును వదిలి, నిండు నెలల మనిషిని కెమెరా ముందు నిలబెట్టి నిజాయతీ నిరూపించుకోమనడం ఏ రకం తనిఖీ?

గూడెంలో అంగన్‌వాడీ కార్యకర్త సాధారణంగా ఆ చుట్టుపక్కల మనిషే. గర్భిణి పేరు రాసుకున్నదీ, బరువు తూచినదీ ఆమే. ఆ కార్యకర్త గుర్తుపట్టినా చాలదట, యాప్‌ గుర్తుపట్టాలట. అందుకు ముందు ఆధార్‌ ఉండాలి, దానికి అనుసంధానమైన ఫోన్‌ ఉండాలి, ఓటీపీ రావాలి. ఇంటికి ఒక్కటే ఉన్న ఫోన్‌తో భర్త కూలికి వెళ్లిపోతే, కార్యకర్త సిగ్నల్‌ కోసం గుట్ట ఎక్కినా ప్రయోజనం లేదు. సిగ్నల్‌ లేనిచోట వెసులుబాటు ఉందని చెప్పే అధికారులు, మొదటి నమోదుకు ఆ ఓటీపీ ఏ దారిన వస్తుందో కూడా చెప్పాలి.

2013 ఆహార భద్రత చట్టం నాలుగో సెక్షన్‌ ప్రకారం గర్భం దాల్చిన నాటి నుంచి కాన్పయ్యాక ఆరు నెలల వరకూ అంగన్‌వాడీ ద్వారా ఉచిత ఆహారం పొందడం తల్లి హక్కు. ఆ హక్కుకు ఇప్పుడు యాప్‌ కాపలా కాస్తోంది. దీన్ని సాగనిస్తే రేపు బిడ్డ టీకాకు, ఎల్లుండి కాన్పు గదికి ఇదే షరతు రాదన్న భరోసా ఏదీ? అదే సెక్షన్‌ రూ.6,000కు తగ్గని ప్రసూతి సాయాన్ని హామీ ఇస్తే, 2017లో మొదలైన మాతృవందన పథకం మొదటి కాన్పుకు రూ.5,000 అని రాసుకుంది. చట్టాన్ని తామే కత్తిరించుకున్న వారికి తల్లి దగ్గర రుజువులు అడిగే అర్హత లేదు.

ఆంధ్రప్రదేశ్‌, తెలంగాణ ప్రభుత్వాలు ఇది ఢిల్లీ నిబంధన అంటూ చేతులు దులుపుకోవడం తగదు. ఏజెన్సీ మండలాల్లో కార్యకర్త సంతకం, తల్లి వేలిముద్ర పడిన రిజిస్టరే చాలునని కేంద్రాన్ని ఒప్పించాలి. సరుకు అందని నెలకు అదే చట్టం ఎనిమిదో సెక్షన్‌ ప్రకారం ఆహార భద్రత భత్యం చెల్లించాలి. ఆగస్టు 9, ఆదివాసీ దినోత్సవం వచ్చిందంటే ఆదివాసీ మహిళలతో చేయి కలిపి థింసా ఆడుతూ ఫొటోలు దిగే మంత్రులు, ఆ వరుసలో తమ పక్కన నిలబడిన ఆడవాళ్లకు ఆ నెల గుడ్లు అందాయో లేదో ఒక్కసారైనా అడిగారా?