ఓటమి ఖరీదు

2025 అక్టోబర్ 25 రాత్రి. అమెరికాలో లూసియానా రాష్ట్రం, బాటన్ రూజ్ నగరం. లక్షా రెండు వేల మంది పట్టే టైగర్ స్టేడియంలో సగం ఆట అయ్యేసరికి సొంత జట్టు లూసియానా స్టేట్ యూనివర్సిటీ, అంటే ఎల్‌ఎస్‌యూ, 18-14తో ముందుంది. విరామం తర్వాత టెక్సాస్ ఏ అండ్ ఎం జట్టు ఊపిరి తీసుకోనివ్వకుండా వరసగా 35 పాయింట్లు కొట్టింది. జనం లేచి ఇంటిదారి పట్టారు. మిగిలినవాళ్లు కోచ్‌ను తీసేయమని కేకలు వేశారు. ఆట 49-25తో ముగిసింది. మర్నాటికల్లా హెడ్ కోచ్ బ్రయన్ కెల్లీ ఉద్యోగం పోయింది. పదేళ్ల ఒప్పందంలో ఆయనకు నాలుగో సీజన్ కూడా పూర్తి కాలేదు. గడువుకు ముందే తీసేస్తే ఇవ్వాల్సిన పరిహారాన్ని అక్కడ బైఅవుట్ అంటారు. కెల్లీ బైఅవుట్ సుమారు 5.4 కోట్ల డాలర్లు. మన డబ్బులో 450 కోట్ల రూపాయల పైమాటే.

ఇది మనం ఫుట్‌బాల్ అని పిలుచుకునే ఆట కాదు. కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్. తెలుగు రాష్ట్రాల నుంచి వేలాది మంది పిల్లలు ఎంఎస్ చదవడానికి వెళ్లే ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావాటికి ఇలాంటి జట్లు ఉన్నాయి. ఎక్కువ రాష్ట్రాల్లో ప్రభుత్వ ఉద్యోగుల్లో అందరికంటే పెద్ద జీతం గవర్నర్‌దీ కాదు, యూనివర్సిటీ అధ్యక్షుడిదీ కాదు. ఏదో ఒక కోచ్‌ది. అంత పెద్ద ఉద్యోగానికి మనిషిని ఎలా తెస్తున్నారు, లెక్క తప్పితే ఎవరు భరిస్తున్నారు అని అడగాల్సిందే. కొత్త కోచ్ విఫలం కావచ్చు. ఆటలో అది ఉన్నదే. ఆ వైఫల్యం ఖర్చంతా యూనివర్సిటీ మీద, ఆటగాళ్ల మీద పడేలా మొదటి రోజే సంతకం పెట్టేయడాన్ని మాత్రం మేము తప్పుపడుతున్నాం.

కెల్లీని తేవడం అప్పట్లో తెలివితక్కువ పనేమీ కాదు. నోటర్ డామ్ యూనివర్సిటీలో 12 సీజన్లు పనిచేసి, ఒకసారి జాతీయ ఫైనల్‌కు, రెండుసార్లు ప్లేఆఫ్‌కు, అంటే జాతీయ టైటిల్ కోసం సీజన్ చివర జరిగే నాకౌట్ పోటీకి, జట్టును తీసుకెళ్లిన మనిషి ఆయన. ఎల్‌ఎస్‌యూలోనూ 34 గెలిచి 14 ఓడారు. ఇంకో ఊళ్లో అయితే ఆ లెక్కకు సన్మానం చేసేవారు. బాటన్ రూజ్‌లో అది చాలలేదు. ఎందుకంటే ఆయనకు ముందు వరసగా ముగ్గురు కోచ్‌లు అక్కడ జాతీయ టైటిల్ గెలిచారు: 2003లో నిక్ సేబన్, 2007లో లెస్ మైల్స్, 2019లో ఎడ్ ఓర్జెరాన్. ఆ ఓర్జెరాన్ అచ్చంగా లూసియానా బిడ్డ. ఒక్క ఆట కూడా ఓడకుండా టైటిల్ తెచ్చాడు. అయినా రెండేళ్లకే సుమారు 1.7 కోట్ల డాలర్లు ఇచ్చి పంపేశారు. ఆయన తర్వాత వచ్చిన కెల్లీ మసాచుసెట్స్ మనిషి. కొత్తలో ఓ బాస్కెట్‌బాల్ మ్యాచ్ మధ్యలో మైకు పట్టుకుని, దక్షిణాది యాస తెచ్చిపెట్టుకుని మాట్లాడారని దేశమంతా చెప్పుకున్నారు. గెలుస్తున్నంతకాలం అది సరదా కబురుగానే ఉంది. ఓడటం మొదలయ్యాక, ఈయన మనవాడు కాదనడానికి అదే రుజువైపోయింది.

మనవాడైతే సరిపోతుందా అంటే, నెబ్రాస్కా కథ చూడాలి. స్కాట్ ఫ్రాస్ట్ ఆ రాష్ట్రంలోనే పుట్టి పెరిగాడు. 1997లో నెబ్రాస్కా జాతీయ చాంపియన్‌గా నిలిచినప్పుడు ఆ జట్టు దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్. 2017లో సెంట్రల్ ఫ్లోరిడా కోచ్‌గా ఆడిన 13 ఆటలూ గెలిపించాడు. అలాంటివాడు సొంతింటికి తిరిగొస్తుంటే రిస్క్ అన్న మాట ఎవరి నోటా రాలేదు. ఫలితం 16 గెలుపులు, 31 ఓటములు. 2022 సెప్టెంబర్‌లో జార్జియా సదర్న్ అనే చిన్న జట్టు నెబ్రాస్కా సొంతూరు లింకన్‌కు వచ్చి 45-42తో ఓడించి వెళ్లింది. మర్నాడే ఫ్రాస్ట్‌ను తీసేశారు. అక్టోబర్ 1 దాకా ఆగి ఉంటే బైఅవుట్ 1.5 కోట్ల డాలర్ల నుంచి సగానికి తగ్గేది. మూడు వారాలు ఆగలేక 75 లక్షల డాలర్లు ఎక్కువ కట్టారు. స్టేడియం కోపాన్ని చల్లార్చడానికి ఇంత ఖర్చుపెట్టే అధికారం ఒక ప్రభుత్వ యూనివర్సిటీకి ఉండవచ్చు. ఆ పని మాత్రం సబబు కాదు.

పాత చోట గెలిచినవాడు కొత్త చోట ఎందుకు ఓడతాడు? హెడ్ కోచ్ పని ఇప్పుడు ఒక్క మనిషి పని కాదు. వందమందికి పైగా ఆటగాళ్లు, పది పదిహేను మంది సహాయ కోచ్‌లు, హైస్కూల్ కుర్రాళ్లను ఒప్పించే రిక్రూటింగ్ బృందం, చెక్కులు రాసే దాతలు. 2021 నుంచి ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ మీద డబ్బు సంపాదించుకోవచ్చు. 2025-26 నుంచి ఒక్కో యూనివర్సిటీ తన క్రీడాకారులకు నేరుగా ఏడాదికి 2.05 కోట్ల డాలర్ల దాకా ఇవ్వవచ్చు. నచ్చని ఆటగాడు ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో, అంటే జట్టు మారాలనుకునేవాళ్ల జాబితాలో, పేరు వేసుకుని వెళ్లిపోతాడు. పాత కోచ్ రికార్డు ఇవన్నీ వేరే పాళ్లలో కలిసినప్పుడు వచ్చింది. ఆ మనిషి ఒక్కడిని తెచ్చుకుని, మిగతాదంతా వెంట వస్తుందనుకుంటే ఎలా?

తొందర దీనికి తోడవుతుంది. హైస్కూల్ కుర్రాళ్లు ఏ యూనివర్సిటీలో చేరతారో సంతకాలు పెట్టే రోజు డిసెంబర్ మొదటి వారంలో వస్తుంది, పోర్టల్ జనవరిలో తెరుచుకుంటుంది. అంటే సీజన్ ఇంకా నడుస్తుండగానే కోచ్ కావాలి. ఆ హడావుడిలో కనీస విచారణ కూడా జారిపోవచ్చు. 2001 డిసెంబర్‌లో నోటర్ డామ్ తీసుకున్న జార్జ్ ఓలియరీ అయిదు రోజులకే రాజీనామా చేయాల్సి వచ్చింది. ఆయన బయోడేటాలోని మాస్టర్స్ డిగ్రీ, కాలేజీలో ఆడిన ఆట రెండూ అబద్ధాలని తేలింది. ఒక్క ఫోన్ కాల్‌తో బయటపడే విషయమది.

అలాగని నిదానించినా నష్టం తప్పదని ఒప్పుకోవాలి. పెన్ స్టేట్ 2025 అక్టోబర్ 12న జేమ్స్ ఫ్రాంక్లిన్‌ను తీసేసి, కొత్త కోచ్ కోసం దాదాపు ఎనిమిది వారాలు వెతికింది. సంతకాల రోజు వచ్చేసరికి వాళ్లకు దక్కింది ఇద్దరే హైస్కూల్ ఆటగాళ్లు. వస్తామన్న కుర్రాళ్లలో పలువురు ఫ్రాంక్లిన్ వెంట వర్జీనియా టెక్‌కు వెళ్లిపోయారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అన్న మాట ఇలాంటి చోటే అంటారు.

కానీ ఆ పెన్ స్టేట్ ఒప్పందంలోనే మాకు దారి కూడా కనిపిస్తోంది. ఫ్రాంక్లిన్‌కు రావాల్సింది సుమారు 4.9 కోట్ల డాలర్లు. తీసేసిన కోచ్ వేరే ఉద్యోగం చూసుకోవాలి, అక్కడ వచ్చే జీతాన్ని ఈ బాకీలోంచి తగ్గించాలి అన్న షరతు ముందే రాసి ఉంది. ఆయన వర్జీనియా టెక్‌లో చేరగానే రెండు పక్షాలూ కూర్చుని 90 లక్షల డాలర్లకు తేల్చుకున్నాయి. కాగితం మీద ఒక్క వాక్యం ఇంత డబ్బు మిగిల్చింది.

ఎల్‌ఎస్‌యూ ఈ పాఠం నేర్చుకుందా? నవంబర్ 30న లేన్ కిఫిన్‌ను తెచ్చుకుంది. ఏడేళ్లు, ఏడాదికి దాదాపు 1.3 కోట్ల డాలర్లు. కారణం లేకుండా తీసేస్తే మిగిలిన జీతంలో 80 శాతం కట్టాలి. రెండేళ్ల తర్వాత తీసేశారనుకుందాం. అయిదేళ్ల జీతం 6.5 కోట్లు, అందులో 80 శాతం 5.2 కోట్ల డాలర్లు. కెల్లీ బాకీకి అటూ ఇటూగా అంతే. కాలిన చెయ్యి ఆరకముందే అదే పొయ్యిలో మళ్లీ పెట్టారు.

కిఫిన్‌కు ఆట తెలియదని మేము అనడం లేదు. మిసిసిపీ యూనివర్సిటీ జట్టు ఓల్ మిస్‌లో ఆరు సీజన్లలో ఆయన చేసింది చిన్న పని కాదు. 2025లో 12 ఆటల్లో 11 గెలిపించి ప్లేఆఫ్ గుమ్మం దాకా తెచ్చాడు. ఆ గుమ్మంలోనే జట్టును వదిలేసి వెళ్లాడు. ఇది మొదటిసారి కూడా కాదు. 2009లో టెన్నెసీలో ఒక్క సీజన్ చేసి 2010 జనవరిలో సదరన్ కాలిఫోర్నియాకు వెళ్లిపోయినప్పుడు, టెన్నెసీ యూనివర్సిటీ ఉన్న నాక్స్‌విల్‌లో విద్యార్థులు వీధుల్లో పరుపులు తగలబెట్టారు. 2013లో ఆ సదరన్ కాలిఫోర్నియా, జట్టు ఓడి విమానం దిగీ దిగగానే, తెల్లవారకముందే ఎయిర్‌పోర్టులోనే ఆయన్ను తీసేసింది. మనిషి మారి ఉండవచ్చు. 50 ఏళ్ల వయసులో ఆయన తనకు మార్పు వచ్చిందని చెబితే నమ్మడంలో తప్పులేదు. నమ్మకం ఉంటే ఉండనివ్వండి, కానీ 9 కోట్ల డాలర్ల కాగితం నమ్మకం మీద రాయరు.

జవాబుదారీ ఎవరన్నది ఇంకో చిక్కు. కెల్లీని తీసేశాక, అప్పటి ఎల్‌ఎస్‌యూ అథ్లెటిక్ డైరెక్టర్, అంటే క్రీడా విభాగం అధిపతి, స్కాట్ వుడ్‌వర్డ్ తర్వాతి కోచ్‌ను ఎంపిక చేయరని లూసియానా గవర్నర్ జెఫ్ లాండ్రీ బహిరంగంగా ప్రకటించారు. టెక్సాస్ ఏ అండ్ ఎంకు కోచ్‌గా జింబో ఫిషర్‌ను తెచ్చిందీ వుడ్‌వర్డేనని గుర్తుచేశారు. ఫిషర్‌ను 2023 నవంబర్‌లో తీసేయడానికి ఏ అండ్ ఎంకు సుమారు 7.6 కోట్ల డాలర్లు అయ్యాయి. గవర్నర్ ఆందోళన న్యాయమైనదే. కానీ కథ సగమే చెప్పారు. 2017లో ఫిషర్‌కు పదేళ్ల హామీ ఇచ్చింది అప్పట్లో ఏ అండ్ ఎంలో ఉన్న వుడ్‌వర్డ్. ఆయన వెళ్లిపోయాక, 2021లో, అసలు గడువు ఇంకా ఆరేళ్లు ఉండగానే దాన్ని 2031 దాకా పొడిగించి జీతం పెంచింది ఆయన తర్వాత వచ్చినవాళ్లు. అంత బాకీ పెరగడానికి ఆ పొడిగింపే పెద్ద కారణం. కోచ్ బాగా ఆడించిన ఏడాది చివర, ఎవరో ఎగరేసుకుపోతారన్న భయంతో పెట్టే సంతకాలివి. ఒక్క జిమ్మీ సెక్స్‌టన్ అనే ఏజెంటే ఫిషర్, ఫ్రాంక్లిన్, కిఫిన్ ముగ్గురి తరఫునా మాట్లాడాడు. ఎక్కడ ఖాళీ వచ్చినా ఇంకెక్కడో జీతం పెరుగుతుంది. కొత్త నియామకం మీద వంద కళ్లు ఉంటాయి. పొడిగింపు మీద ఒక్కటీ ఉండదు. పాలకమండలి దాన్నీ అంతే గట్టిగా ఆరా తీయాలి.

కెల్లీ ఉద్యోగం తీయించిన ఆ 49-25 రాత్రి ఎదుటి బెంచీ దగ్గర నిలబడింది మైక్ ఎల్కో. ఫిషర్ కింద సహాయ కోచ్‌గా చేసి, డ్యూక్ యూనివర్సిటీకి వెళ్లి హెడ్ కోచ్‌గా నిలదొక్కుకుని తిరిగొచ్చినవాడు. ఆర్భాటం లేదు. 2025లో ఏ అండ్ ఎంను మొదటిసారి ప్లేఆఫ్‌కు చేర్చాడు. ఇండియానా సంగతి ఇంకా గొప్పది. కాలేజీ ఫుట్‌బాల్ చరిత్రలోనే ఎక్కువ ఓటముల జట్టుగా పేరుపడ్డ ఇండియానా, 2023 నవంబర్‌లో కర్ట్ సిగ్నెట్టీని తీసుకుంది. అప్పటికి ఆయనకు 62 ఏళ్లు. ఓ పెద్ద జట్టుకు హెడ్ కోచ్‌గా చేసిన అనుభవమే లేదు. 2011లో అలబామాలో సహాయ కోచ్ కొలువు వదులుకుని పెన్సిల్వేనియాలో ఓ చిన్న కాలేజీకి వెళ్లి, అక్కడ గెలిచి, ఇంకో చోట గెలిచి, జేమ్స్ మాడిసన్ యూనివర్సిటీలో 52 గెలుపులు, 9 ఓటములతో పైకొచ్చాడు. ఇంట గెలిచి రచ్చ గెలవడమంటే అదే. మొదటి ఒప్పందం ఆరేళ్లకు 2.7 కోట్ల డాలర్లు. ఆయన వెంట జేమ్స్ మాడిసన్ నుంచి 13 మంది ఆటగాళ్లు వచ్చారు. రెండేళ్లు తిరిగేసరికి, 2026 జనవరిలో, ఇండియానా ఒక్క ఆట కూడా ఓడకుండా 16 గెలిచి జాతీయ చాంపియన్ అయింది.

అక్కడా రిస్క్ ఉంది. కానీ సిగ్నెట్టీ విఫలమై ఉంటే ఇండియానా తట్టుకునేది. ఓడితే ఎంత పోతుందో ముందే లెక్కేసుకుని, అంతకు మించి సంతకం పెట్టకపోవడమే ఏ యూనివర్సిటీ అయినా చేయగలిగింది. 2025 అక్టోబర్‌లో ఆయన జీతం పెంచి ఎనిమిదేళ్లకు 9.3 కోట్ల డాలర్ల ఒప్పందం రాసుకున్నారు. గెలిచినవాడికి ఇవ్వాల్సిందే. అయినా ఫిషర్ పొడిగింపు కాగితాన్ని ఇండియానా పాలకమండలి ఒకసారి ముందు పెట్టుకుని చదవాలని మా కోరిక.

బైఅవుట్లు టికెట్లు, టీవీ హక్కులు, దాతల సొమ్ములోంచి పోతాయి, పన్ను కట్టేవాడి జేబులోంచి కాదు అన్నది యూనివర్సిటీలు చెప్పే మాట. దాత ఇచ్చే డబ్బుకూ హద్దుంటుంది. పాత కోచ్‌ను ఇంటికి పంపడానికి ఇచ్చిన చెక్కు ఇంకో మంచి పనికి మళ్లీ రాదు. డబ్బు సంగతి అలా ఉంచినా, పందొమ్మిదేళ్ల కుర్రాడి సంగతి ఎవరు చూస్తారు? ఫలానా కోచ్ మాట నమ్మి అమ్మానాన్నలను ఒప్పించి వేరే రాష్ట్రానికి వచ్చాడు. కోచ్ కోట్లతో వెళ్లిపోతాడు. ఈ కుర్రాడు హాస్టల్ గదిలో కూర్చుని పోర్టల్‌లో పేరు వేసుకోవాలా వద్దా అని టెన్షన్ పడతాడు. సహాయ కోచ్‌లు పిల్లల స్కూళ్లు మార్చుకుని ఇంకో ఊరు వెతుక్కుంటారు. హెడ్ కోచ్ ఒప్పందంలో వీళ్ల గురించి ఒక్క ముక్క ఉండదు.

కిఫిన్ వెళ్లిన రోజే ఓల్ మిస్ తన డిఫెన్స్ కోచ్ పీట్ గోల్డింగ్‌ను హెడ్ కోచ్‌ను చేసింది. ఎల్‌ఎస్‌యూకు వెళ్లడానికి ఒప్పుకున్న సహాయ కోచ్‌లు కొందరు ప్లేఆఫ్ అయ్యేదాకా ఓల్ మిస్ కోసమే పనిచేశారు. జనవరి 1న ఆ కుర్రాళ్లు న్యూ ఆర్లియన్స్‌లో షుగర్ బౌల్ అనే ప్లేఆఫ్ క్వార్టర్‌ఫైనల్ ఆడారు. ఎల్‌ఎస్‌యూ స్టేడియం నుంచి కారులో గంటన్నర దూరం. జార్జియాను 39-34తో ఓడించి సెమీఫైనల్‌కు చేరారు. ఓల్ మిస్‌లో ఉండి ఉంటే కిఫిన్‌కు దక్కే ప్లేఆఫ్ బోనస్ తాము ఇస్తామని ఎల్‌ఎస్‌యూ ఒప్పందంలో రాసిచ్చింది. ఆ రాత్రి మైదానంలో లేని కోచ్‌కు కూడా గెలుపు డబ్బు జమైంది.