సవరణ: మైకోసిస్ ఫంగాయిడిస్‌ను ఒక్క బయాప్సీతో కొట్టిపారేయలేం

చర్మపు లింఫోమా (తెల్లరక్తకణాల క్యాన్సర్ చర్మంలో రావడం) గురించిన ముందటి పోస్టులో "బయాప్సీలో ఏమీ రాకపోతే జబ్బు లేనట్టే" అని ఉంది. ఆ వాక్యం తీసేశాం. చర్మపు లింఫోమాల్లో ఒక రకమైన మైకోసిస్ ఫంగాయిడిస్ తొలిదశలో ఆ మాట చెల్లదు.

తొలి మచ్చల్లో చెడ్డ టీ-కణాలు (క్యాన్సర్‌గా మారిన ఒక రకం తెల్లరక్తకణాలు) తక్కువ, మామూలు వాపు కణాలు ఎక్కువ. అందుకే రిపోర్టులో ఎగ్జిమా అనో సోరియాసిస్ అనో వస్తుంది. మచ్చ మీద క్లోబెటసాల్ అనే ఘాటైన స్టెరాయిడ్ పూత రాస్తూ ఉంటే పైపొరలోకి ఎక్కిన కణాలు ఇంకా తగ్గి, ఆనవాళ్లే దొరకవు. స్టెరాయిడ్ పూతలు 2 నుంచి 4 వారాలు ఆపి, రెండు మూడు వేర్వేరు మచ్చల నుంచి ముక్కలు తీయించాలి. పాథాలజిస్టుకు పంపే కాగితంలో "మచ్చలు" అని రాసి వదిలేస్తే ఆయనకేం తెలుస్తుంది? ఎన్నేళ్లుగా ఉన్నాయి, పిరుదులు, తొడల వంటి ఎండ తగలని చోట్ల ఉన్నాయా, ఏ మందు ఎప్పుడు ఆపారు అన్నవి రాయాలి. టీ-సెల్ రిసెప్టర్ జన్యు పరీక్షలో రెండు మచ్చల్లోనూ ఒకే క్లోన్ (ఒకే కణం నుంచి పుట్టిన టీ-కణాల గుంపు) కనిపిస్తే అనుమానం బలపడుతుంది. క్లోన్ ఒక్కదాన్నే పట్టుకుని లింఫోమా అనకూడదు.

మన చామనఛాయ చర్మంలో ఇది తెల్లమచ్చలుగానూ వస్తుంది, ముఖ్యంగా పిల్లల్లో. బొల్లి అనో కుష్ఠు అనో ఏళ్లు గడిచిపోతాయి.

ముందటి పోస్టులో "వెంటనే కీమో" అన్నదీ మార్చాం. పలుచని మచ్చలు ఒంట్లో 10 శాతం లోపే ఉండి (రోగి అరచెయ్యి వేళ్లతో సహా సుమారు 1 శాతం), గడ్డలూ లింఫ్ గ్రంథుల వాపూ లేకపోతే, స్టెరాయిడ్ పూత లేదా వారానికి 2, 3 సార్లు న్యారోబ్యాండ్ యూవీబీ (అతినీలలోహిత కాంతి చికిత్స)తోనే మొదలుపెడతారు. నిర్ధారణ తేలకముందు సోరియాసిస్ అనుకుని రోగనిరోధక శక్తిని అణిచే సైక్లోస్పోరిన్ ఇస్తే జబ్బు ముదిరే ప్రమాదం ఉంది.