వాల్యూ బెట్: తప్పు ఆడ్స్‌లో ఉందా, మన అంచనాలో ఉందా?

ఇరవై శాతం గెలుపు అవకాశం ఉన్న గుర్రానికి 6.0 ఆడ్స్ (గెలిస్తే పెట్టిన రూపాయితో కలిపి ఆరు రూపాయలు చేతికొస్తాయి) దొరికితే అది మంచి పందెం, దీన్నే వాల్యూ బెట్ అంటారు. అరవై శాతం అవకాశం ఉన్న జట్టుకు 1.60 దొరికితే అది చెడ్డ పందెం. ఆ గుర్రం ఐదింట నాలుగుసార్లు ఓడిపోతుంది. అయినా లెక్క దానివైపే ఉంది: 0.20ని 6.0తో హెచ్చిస్తే 1.20, అంటే దీర్ఘకాలంలో పెట్టిన ప్రతి వందకూ ఇరవై లాభం. జట్టు లెక్క 0.96. అది తరచూ గెలుస్తూనే ఉంటుంది, జేబు మాత్రం కరుగుతూ ఉంటుంది. ఈ హెచ్చవేత ఎవరైనా చేస్తారు. ఆ ఇరవై శాతం అనే అంకె ఎక్కడినుంచి తెచ్చామన్నదే అసలు చిక్కు.

మన అంచనా వేసుకునే ముందు మార్కెట్, అంటే అక్కడ నడుస్తున్న ఆడ్స్, ఏమంటోందో చదవాలి. ఒక ఫుట్‌బాల్ మ్యాచ్‌లో సొంతగడ్డ జట్టుకు 2.10, డ్రాకు 3.40, అవతలి జట్టుకు 3.60 ఇచ్చారనుకుందాం. ఒకటిని ఒక్కో ఆడ్స్‌తో భాగిస్తే 47.6, 29.4, 27.8 శాతాలు వస్తాయి. మొత్తం 104.8. వందకు పైనున్న 4.8 బుక్‌మేకర్ (పందేలు తీసుకునే సంస్థ) తనకోసం ఉంచుకునే మార్జిన్. ఒక్కో శాతాన్నీ 1.048తో భాగిస్తే సొంతగడ్డ జట్టుకు మార్కెట్ ఇస్తున్న అసలు అవకాశం సుమారు 45.4 శాతమని తేలుతుంది.

గుర్రప్పందేల్లో మార్జిన్‌ను ఇలా సమానంగా పంచితే పొరపాటు వస్తుంది. గెలిచే ఆశ అంతగా లేని గుర్రాల మీద జనం అవసరానికి మించి డబ్బు పెడతారు, ఫేవరెట్ల మీద కాస్త తక్కువ పెడతారు. ఎన్నో దేశాల రేసుల్లో దశాబ్దాలుగా కనిపిస్తున్న ధోరణి ఇది. అందుకే 51.0 ఉన్న గుర్రానికి సమానంగా పంచి తీసిన అవకాశం కూడా ఎక్కువే అవుతుంది. పెద్ద ఆడ్స్ దగ్గర 'వాల్యూ' ఇట్టే కనిపిస్తుందంటే మొదట అనుమానించాల్సింది ఈ లెక్కనే.

ఇక మన అంచనా. పాత ఫలితాలు, దూరం, ట్రాక్ పరిస్థితి, మోసే బరువు, డ్రా (గుర్రానికి దక్కిన గేటు స్థానం), జాకీ, ట్రైనర్, ఇలా ఎన్ని కలిపి మోడల్ కట్టినా మార్కెట్‌కు తెలిసినవి కొన్ని మనకు తెలియవు. హాంకాంగ్ రేసుల్లో కంప్యూటర్ మోడల్‌తో భారీగా గెలిచిన బిల్ బెంటర్ 1994లో తన పద్ధతిని వివరిస్తూ చెప్పిన కీలకం ఇదే: తన మోడల్ ఇచ్చిన అవకాశాన్ని ఒంటరిగా నమ్మలేదు, జనం ఆడ్స్‌లోంచి తీసిన అవకాశంతో కలిపి వాడాడు.

పై మ్యాచ్‌లోనే చూడండి. సొంతగడ్డ జట్టుకు మనం 50 శాతం వేశాం. 2.10తో హెచ్చిస్తే 1.05, ఐదు శాతం లాభం. మన అంచనాకు సగం, మార్కెట్‌కు సగం బరువిస్తే అవకాశం 47.7కి దిగుతుంది, లెక్క 1.002 అవుతుంది. లాభం ఆవిరైంది. వందల మ్యాచ్‌లు జల్లెడ పట్టి, మార్కెట్‌తో ఎక్కువ తేడా ఉన్నవే ఏరుకుంటాం కదా, మన అంచనా ఎక్కువగా తప్పినవి కూడా సరిగ్గా వాటిలోనే పోగవుతాయి. ఆ సగం బరువు కూడా ఊహతో పెట్టేది కాదు. మోడల్ కట్టడానికి వాడని పాత ఫలితాల మీద పరీక్షించి తేల్చుకోవాలి. చాలా రోజులు ఆ లెక్క చెప్పేది పందెం వేయవద్దనే, దాన్ని పాటించడమే ఇందులో కష్టమైన పని.

టోట్ పూల్‌లో, అంటే అందరి పందేలూ ఒకచోట కలిపి, కోత పోగా మిగిలింది గెలిచినవారికి పంచే పద్ధతిలో, ఇంకో గొయ్యి ఉంది. అక్కడ మన డబ్బే ఆడ్స్‌ను కిందికి లాగుతుంది. పూల్‌లో లక్ష ఉంది, నిర్వాహకుల కోత 17.5 శాతం, మన గుర్రం మీద పదివేలు ఉన్నాయి. అప్పుడు చెల్లింపు ఒకటికి 8.25. గెలుపు అవకాశం 13 శాతమైతే ఏడు శాతం లాభం కనిపిస్తుంది. మనం వెయ్యి వేయగానే పూల్ 1,01,000, గుర్రం మీద 11,000, చెల్లింపు 7.57కి పడిపోతుంది. 0.13తో హెచ్చిస్తే 0.98, అంటే నష్టం. పైగా గేటు తెరుచుకునే ముందు చివరి నిమిషంలో వచ్చే పెద్ద మొత్తాలు మనకు కనిపించవు. పందెగాళ్లు ఒకరితో ఒకరు పందెం కాసే బెట్టింగ్ ఎక్స్ఛేంజీల్లో ఈ బాధ లేదు కానీ కమిషన్ ఉంది: గెలిచిన సొమ్ముపై ఐదు శాతమైతే 2.10 నిజానికి 2.045.

ఎంత పెట్టాలన్నదానికి బెల్ ల్యాబ్స్‌లో జాన్ కెల్లీ 1956లో ఇచ్చిన సూత్రం ఉంది. లాభ శాతాన్ని, ఆడ్స్‌లోంచి ఒకటి తీసేసిన అంకెతో భాగించాలి. 2.10 దగ్గర ఐదు శాతం లాభముంటే మూలధనంలో 4.5 శాతం. 10.0 దగ్గర మూడు శాతం లాభానికి 0.33 శాతమే. మన అంచనా కచ్చితమైనదైతేనే ఈ సూత్రం సరిపోతుంది. అంచనా కాస్త ఎక్కువైనా పందెం ప్రమాదకరంగా ఉబ్బుతుంది కాబట్టి, వచ్చిన దాంట్లో పావు వంతు చాలు. మూలధనం ఇంటి ఖర్చుతో సంబంధం లేనిదై ఉండాలి, అప్పు అసలే కాకూడదు.

లాభనష్టాలు చూసి పద్ధతిని తూచడం తొందరపాటు. 2.0 ఆడ్స్ దగ్గర నిజంగా మూడు శాతం ఆధిక్యం ఉన్నవాడు కూడా వెయ్యి సమాన పందేల తర్వాత నష్టంలో ఉండే అవకాశం సుమారు 17 శాతం. 10.0 ఆడ్స్‌లో అది 38 దాకా పోతుంది, మధ్యలో వరసగా ముప్ఫై ఓటములు రావడం దాదాపు ఖాయం. అంతకన్నా త్వరగా తేల్చే కొలత ముగింపు ఆడ్స్, అంటే ఆట మొదలయ్యే ముందు చివరిగా ఉన్న ఆడ్స్. 2.10కి వేసిన పందెం, ఆట మొదలయ్యే క్షణానికి మార్జిన్ తీసేశాక 2.02 దగ్గర నిలిస్తే, దాదాపు నాలుగు శాతం మెరుగైన ధర దక్కినట్టు. రెండు మూడు వందల పందేలకు తీసుకున్న ఆడ్స్, ముగింపు ఆడ్స్, మన అంచనా పక్కపక్కనే రాసుకుని, ముగింపు కన్నా మనకు ఎంత శాతం మెరుగైన ధర దక్కిందో సగటు కట్టండి. డబ్బు బాగా తిరిగే మార్కెట్లలో ఆ సగటు సున్నాకు దిగువన ఉంటే, అప్పటిదాకా వచ్చిన లాభం దాదాపుగా అదృష్టమే. మళ్లీ అంచనా దగ్గరికే వెళ్లాలి, పందెం మొత్తాన్ని మాత్రం పెంచకూడదు.