గట్టిపడిన గ్రీజు గారికి ఇల్లు ఖాళీ చెయ్యమని నోటీసు

మహారాజశ్రీ గ్రీజు గారికి,

మా తాతయ్య గ్రామఫోను పెట్టెలో, స్ప్రింగు డబ్బా లోపల, అద్దె మాట ఎత్తకుండా కాపురం ఉంటున్న తమరికి వ్రాయునది.

తమరు దిగిన రోజున ఇలా లేరట. గ్రాఫైటు కలిపిన వెన్నలా నల్లగా మెత్తగా ఉండి, చుట్టకీ చుట్టకీ మధ్య ఉక్కు ఒరుసుకోకుండా చూసుకోవడమే తమరి ఉద్యోగం. ఇప్పుడు చూస్తే తారురోడ్డుకి తోడబుట్టినవారిలా ఉన్నారు. కీ ఇచ్చి వదిలితే మెల్లగా విచ్చుకోవాల్సిన స్ప్రింగు, తమరి పట్టులో కాసేపు ఇరుక్కుని, ఆపైన ధడేల్‌మని జారుతుంది. ప్లేటులో నాటక పద్యం మధ్యలో వచ్చే ఆ చప్పుడు విని, నాటకంలో అప్పులవాడెవడో తలుపు బాదుతున్నాడనుకునేవాణ్ణి చిన్నప్పుడు.

మొదట్లో, బెర్లినర్ కనిపెట్టిన గ్రామఫోనుని చేత్తోనే తిప్పేవారు. వేగం నిలకడగా ఉండాలని 1896లో ఎల్డ్రిడ్జ్ జాన్సన్ అనే అమెరికా మెకానిక్ దానికి స్ప్రింగు మోటారు తయారుచేశాడు. తమరి దయవల్ల మా ఇంట్లో మళ్లీ చెయ్యే దిక్కయింది. ప్లేటు నీరసపడినప్పుడల్లా అంచు మీద వేలు పెట్టి తోసే డ్యూటీ నాది.

నేరం తమరొక్కరిదే అంటే కళ్లు పోతాయి. తమరిని మేపింది మేమే. పాట నత్తనడక పట్టగానే, మోటారు విప్పకుండా సందులోంచి నూనె పొయ్యడం మా వంశాచారం. తాతయ్య ఆముదం పోశాడు. నాన్న కొబ్బరినూనె పోశాడు, చలికాలం సీసాలోనే పేరుకుంటుందని తెలిసి కూడా. నేను చదువుకున్నవాణ్ణి గనక కుట్టుమిషను నూనె పోశాను. తమరు దేన్నీ కాదనలేదు. అన్నీ తాగి, దుమ్ము కలుపుకుని, ఇంకో అంతస్తు లేపారు.

పైన మాత్రం ఏటా పండగే. దసరా వస్తే చాలు, ఇత్తడి సామానుతో పాటు, ముల్లుని పట్టుకుని పాట పలికించే సౌండు బాక్సునీ వరసగా తోమేవారు. నికెల్ పూత అరిగి కింది ఇత్తడి బయటపడితే, "చూశావా, పాతకాలం సరుకు ఎలా మెరుస్తోందో" అని మురిసిపోవడం కూడా ఆచారంలో భాగమే. ఆ మెరిసే డబ్బాలో అభ్రకం రేకుని పట్టి ఉంచే రబ్బరు రింగులు ఎండి అప్పడాల్లా అయ్యాయని ఒక్కరూ చూసిన పాపాన పోలేదు. పోనీలెండి, అది వేరే నోటీసు.

మొన్న ఆదివారం నోటీసు అమలైంది. స్ప్రింగులో కీ బొత్తిగా లేకుండా దింపి, తోలు గ్లౌజులూ కళ్లద్దాలూ పెట్టుకుని, డబ్బాని గోనెసంచిలో ఉంచి మరీ విప్పాను. మనిషి నిలువును మించిన ఉక్కుపట్టీ అది, చెయ్యి జారితే కొరడాయే. తమరిని కిరోసిన్లో నానబెట్టి, వెదురుపుల్లతో గోకి, మూడు తరాల నూనెని మూడు పాత పంచెలకి తుడిచాను. అడుగున ఆముదం వాసన ఇంకా వేస్తోంది.

గవర్నరు దగ్గరా తమరి బంధువులే. పెట్టెలో కూడా ఒక గవర్నరు ఉంటాడు, బండి వేగం మీరకుండా అడ్డుపడటమే ఆయన ఉద్యోగం. మూడు గుండ్లు తిరుగుతూ వేగం పెరిగేకొద్దీ బయటికి జరుగుతాయి. అప్పుడు వాటితో తిరిగే బిళ్ల తోలుముక్కకి రాసుకుని వేగం తగ్గుతుంది. తమవాళ్లు చేరాక ఆయన అసలే కదలనిచ్చేవాడు కాదు.

అన్నీ బిగించి, కొత్త గ్రీజు పెట్టి, ప్లేటు కింద కాగితం చీటీ ఇరికించి నిమిషానికి ఎన్ని చుట్లో లెక్కపెట్టాను. 78, ప్లేటుకి ఉండాల్సిన వేగమే. విప్పకముందు లెక్కపెడితే 66. అంటే ఇన్నేళ్లూ మేం విన్న పద్యం శ్రుతి దాదాపు మూడు స్వరస్థానాలు కిందికి దిగి ఉంది. మూడు నిమిషాల ప్లేటు మూడున్నర నిమిషాలు పాడేది.

కొత్త ముల్లు బిగించి, మా అమ్మని పిలిచి కుర్చీలో కూర్చోబెట్టి వినిపించాను. ధడేల్ లేదు, వణుకు లేదు. రాగం తీగలా సాగింది. అమ్మ సగం దాకా విని, "ఎవర్రా ఈ కుర్రాడు? తాతయ్య ప్లేటు పెట్టవేం?" అంది.

"ఇదే అమ్మా తాతయ్య ప్లేటు" అన్నాను.

"నాకు తెలీదా? ఆ ప్లేటులో పాడే ఆయనది గంభీరమైన గొంతు" అంది.

వేగం మీటని వెనక్కి జరిపి, 66కి తెచ్చాను. అమ్మ కళ్లు మూసుకుని తల ఊపింది. ఒకచోట మాత్రం చెయ్యి ఎత్తి ఆగింది, ధడేల్ కోసం.

ఇట్లు,
తమరి మాజీ ఇంటి యజమాని