బీటెక్ ఖర్చు పదో తరగతి దగ్గరే తేలిపోతుంది

ఈఏపీసెట్ ర్యాంకులు వచ్చాయంటే చాలు, శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి చుట్టుపక్కల ఇంటర్నెట్ సెంటర్లలో తండ్రులందరిదీ ఒకటే ప్రశ్న: తక్కువ ఖర్చులో మంచి ఇంజనీరింగ్ కాలేజీ ఏది? చింతలవలసా, జొన్నాడా, రాజామా, టెక్కలా? నా జవాబు కటువుగానే ఉంటుంది. ఆ ప్రశ్న రెండేళ్లు ఆలస్యంగా అడుగుతున్నారు.

ర్యాంకును బట్టి ప్రభుత్వం సీట్లు ఇచ్చే కన్వీనర్ కోటాలో ట్యూషన్ ఫీజు ప్రభుత్వం ఖరారు చేసేదే. అర్హత ఉన్నవారికి ఆ ఫీజును ప్రభుత్వమే భరించే రీయింబర్స్‌మెంట్ ఉంది. అది ఎప్పుడు విడుదలవుతుందన్నది వేరే కథ. ఇల్లు గుల్లయ్యేది మిగతా పద్దుల దగ్గర. కాలేజీ ఇచ్చే కాగితాన్ని చివరిదాకా చదవండి: బస్సు ఫీజు, స్పెషల్ ఫీజు, పరీక్ష ఫీజు, ప్లేస్‌మెంట్ శిక్షణ ఫీజు, పైన హాస్టల్. వీటన్నిటికీ ముందే విశాఖ కార్పొరేట్ జూనియర్ కాలేజీలో రెండేళ్ల హాస్టల్ చదువు అయిపోయి ఉంటుంది. దానికి రీయింబర్స్‌మెంట్ లేదు, పిల్లల చదువుకని ప్రభుత్వం తల్లులకిచ్చే తల్లికి వందనం సొమ్ము ఏ మూలకూ రాదు. పదో తరగతి పరీక్షలు మొదలవకముందే ఆ కాలేజీ పీఆర్వో రసీదు పుస్తకంతో ఇంటి అరుగు మీద కూర్చుని, ‘ఇప్పుడు కడితే రాయితీ’ అంటాడు. బీటెక్ అప్పులో మొదటి పద్దు అదే.

పదో తరగతి తర్వాత ఉత్తరాంధ్ర జిల్లాల పిల్లలకు రెండు చవకైన దారులున్నాయి. ఒకటి ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీ. పదో తరగతి మార్కులతోనే ప్రవేశం, ఇంటర్, బీటెక్ కలిపి ఆరేళ్ల చదువు, ప్రభుత్వ బడి పిల్లలకు నాలుగు శాతం అదనపు మార్కులు. అక్కడ సీటు రావాలంటే మార్కులు బాగా ఉండాలి కాబట్టి అందరికీ అందదు. రెండోది పాలిటెక్నిక్‌లో డిప్లొమా. దీన్ని తక్కువ మార్కుల వాళ్ల గతిగా చూడటమే మన తెలివితక్కువతనం.

లెక్క వేసి చూడండి. ఇంటర్ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు: ఆరు. డిప్లొమా మూడేళ్లు, డిప్లొమా వాళ్ల ప్రవేశ పరీక్ష ఈసెట్ రాసి నేరుగా రెండో సంవత్సరంలో చేరితే బీటెక్ మూడేళ్లు: అదీ ఆరే. ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఫీజు ఏడాదికి కొద్ది వేలు. ఈసెట్ రెండు వందల మార్కుల్లో వంద తాను చదివిన బ్రాంచి నుంచే వస్తాయి. మంచి ర్యాంకు వస్తే విజయనగరం దగ్గరి ద్వారపూడిలోని జేఎన్‌టీయూ గురజాడ కళాశాల మీద ఆశ పెట్టుకోవచ్చు. మధ్యలో ఇంటి పరిస్థితి తలకిందులైనా చేతిలో డిప్లొమా మిగులుతుంది. రైల్వే జూనియర్ ఇంజనీర్ పరీక్షకు అదే అర్హత. బీటెక్ రెండో ఏట మానేసినవాడి చేతిలో ఏముంటుంది?

డిప్లొమా పిల్లలు బీటెక్ లెక్కల్లో తడబడతారని అధ్యాపకులు అంటారు. మొదటి ఏడాది గణితం వాళ్లకు ఉండదు కనుక అందులో నిజం ఉంది. ఐఐటీ, ఎన్‌ఐటీ మీద గురి ఉన్న పిల్లాడికి ఇంటరే దారి, కాదనను. కానీ ఊళ్లో అలాంటివాళ్లు ఎందరు? మిగిలినవాళ్లంతా ఆ ఒక్కడి ఖర్చే ఎందుకు పెట్టాలి?

అసలు జబ్బు ఫీజుల్లో లేదు, పని మీద మన చిన్నచూపులో ఉంది. పైడిభీమవరంలో మందుల పరిశ్రమలున్నాయి, మూలపేటలో ఓడరేవు, భోగాపురంలో విమానాశ్రయం తలపెట్టారు. అక్కడ కావలసింది మోటారు విప్పి బిగించగలవాడు, ప్యానెల్ బోర్డు చదవగలవాడు. మనమేమో పిల్లలందరినీ కంప్యూటర్ సైన్స్‌లో కుక్కి హైదరాబాద్, బెంగళూరు బస్సెక్కిస్తున్నాం. ఆ తర్వాత వలసల జిల్లా అని మనమే వాపోతున్నాం. ప్రభుత్వానికి పట్టింపు ఉంటే పాలిటెక్నిక్ వర్క్‌షాపుల్లో కొత్త యంత్రాలు పెట్టాలి, ఖాళీగా ఉన్న అధ్యాపక పోస్టులు నింపాలి. కార్పొరేట్ పీఆర్వో ఊళ్లోకి రాకముందే పాలిటెక్నిక్ మాస్టారు రావాలి.

ఈ ఏడాది ఇంటర్ ముగించినవాళ్లు ఇంటి నుంచి రోజూ వెళ్లి రాగల కాలేజీలో కన్వీనర్ సీటు చూసుకోండి, ఏ బ్రాంచి వచ్చినా సరే. కాలేజీ యాజమాన్యమే ఇచ్చుకునే మేనేజ్‌మెంట్ సీటుకు రీయింబర్స్‌మెంట్ వర్తించదు. పొలం అమ్మి దాన్ని కొనకండి. ఇంట్లో తమ్ముడో చెల్లెలో పదో తరగతిలో ఉంటే పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ ప్రకటన ఎప్పుడొస్తుందో ఇప్పుడే కనుక్కోండి.