మూడేళ్ళు ఆగమంటున్న ఆ ఫార్వర్డ్ గురించి

ఈ వారంలో ఇది నాలుగోసారి. మొదట మా మేనత్త, తర్వాత ఆఫీసు గ్రూపు, అపార్ట్‌మెంట్ గ్రూపు, చివరికి నా పాత రూమ్మేట్ కూడా. "మూడేళ్ళలోపు పిల్లలకు మత్తు ఇస్తే మెదడు కణాలు చచ్చిపోతాయి, ఐక్యూ పడిపోతుంది, అమెరికా నిషేధించింది, ఏ ఆపరేషనైనా మూడేళ్ళు నిండాకే చేయించండి, పదిమందికి పంపండి."

అమెరికా ఏమీ నిషేధించలేదు. 2016 డిసెంబరులో అక్కడ మందుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ ఒక హెచ్చరిక ఇచ్చింది. మూడేళ్ళలోపు పిల్లలకు మూడు గంటలు దాటి గానీ, పదే పదే గానీ మత్తు ఇస్తే మెదడు ఎదుగుదల మీద ప్రభావం ఉండొచ్చని దాని సారాంశం. ఆ "మూడు గంటలు", "పదే పదే", "ఉండొచ్చు" అన్నవి చేతులు మారేసరికి దారిలో ఎక్కడో రాలిపోయాయి.

కణాలు చచ్చిపోయిన మాట నిజమే, ఎలుక పిల్లల్లో. 2003లో వారం రోజుల ఎలుక పిల్లలకు మూడు మందులు కలిపి ఆరు గంటలు ఇచ్చి చూశారు.

ఐక్యూ సంగతికొస్తే, గ్యాస్ (GAS) అన్న పేరుతో ఒక ట్రయల్ జరిగింది. ఏడు దేశాల్లో హెర్నియా ఆపరేషన్‌కి వచ్చిన 722 మంది పసిపిల్లల్లో సగం మందికి పూర్తి మత్తు, మిగతావాళ్ళకి మెలకువగా ఉండగానే కింది భాగం మొద్దుబారేలా నడుం దగ్గర ఇంజెక్షన్. పూర్తి మత్తు సుమారు గంటసేపు. ఐదేళ్ళ వయసులో పరీక్షిస్తే సగటు ఐక్యూ అటూ 99, ఇటూ 99.

ఇవన్నీ పోనీ అనుకోవచ్చు. నాకు ఒళ్ళు మండేది "మూడేళ్ళు ఆగండి" అన్న ముక్కకే. ఎవరికి చెబుతున్నారు ఆగమని? పుట్టుకతోనే కంట్లో దట్టమైన శుక్లం ఉన్న బిడ్డకి ఆరు నుంచి ఎనిమిది వారాల్లోపే తీయాలంటారు కంటి డాక్టర్లు. ఎందుకంటే చూడటం నేర్చుకునేది కన్ను కాదు, మెదడు. ఆ నెలల్లో దానికి కంటి నుంచి స్పష్టమైన దృశ్యం అందకపోతే, మూడేళ్ళకి మీరు ఎంత శుభ్రంగా శుక్లం తీయించినా ఆ కంటికి సరైన చూపు రాదు. అంటే మెదడుని కాపాడదామని ఆగి, ఆ మెదడుకే చూపు లేకుండా చేస్తారన్నమాట! అంగిలి చీలిన బిడ్డకి మాటలొచ్చే ముందే, ఏడాది అటూ ఇటూగా కుట్టాలి. పసిపిల్లల హెర్నియాలో పేగు ఇరుక్కుంటే అర్ధరాత్రి పరుగులే. అప్పుడు ఈ మెసేజ్ పంపినవాళ్ళు ఆటో మాట్లాడి పెడతారా?

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. రెండు మూడుసార్లు మత్తు తీసుకున్న పిల్లల విషయం ఇంకా తేలలేదు. 2018లో అమెరికాలోని మేయో క్లినిక్ వాళ్ళు చూస్తే ఆ పిల్లల ఐక్యూ తగ్గలేదు గానీ, చేతివేళ్ళ నేర్పు, చూసినదాన్ని గ్రహించి స్పందించే వేగం కాస్త తగ్గాయి. అది మత్తు వల్లో, అన్ని ఆపరేషన్లు అవసరమైన జబ్బు వల్లో చెప్పలేకపోయారు. మా బాబుకి ఐదో నెలలో హెర్నియా ఆపరేషన్ అప్పుడు మత్తు వల్ల మెదడుకి ఏమైనా అవుతుందా అని నేనూ అడిగితే, మత్తు డాక్టరు "వాట్సాప్ చూసి వచ్చారా?" అని నవ్వి థియేటర్లోకి వెళ్ళిపోయాడు. ఆకలికి గుక్కపెట్టి ఏడుస్తున్న పిల్లాణ్ణి భుజాన వేసుకుని బయట నిలబడ్డవాడికి అది జవాబు కాదు. ఇలాంటి మెసేజ్‌లు పుట్టేది అక్కడే.

అందుకని మీరు అడగండి. ఇది ఇప్పుడే చేయాలా, కొన్నాళ్ళు ఆగితే ఏమవుతుంది? మత్తు ఎంతసేపు? రెండు పనులుంటే ఒకే మత్తులో కానిచ్చేయొచ్చా? నవ్వితే మళ్ళీ అడగండి.